కృప అని రాసిన అట్టపెట్టె

హిమాయత్‌నగర్,
మొయినాబాద్ మండలం,
భస్మ బుధవారం మరునాడు

మరదలు కృపకు,

నీ వదిన ప్రియ ప్రేమతోనూ, కొంచెం కుంటుతూనూ రాస్తున్నది. పొద్దున చీపురు పట్టుకుని పిల్లల ఆటగదిలోకి అడుగు పెట్టానో లేదో, ఒక ప్లాస్టిక్ ఏనుగు తొండం నా అరికాల్లో దిగబడింది. ఏనుగుకు ఏమీ కాలేదు.

నిన్న చర్చిలో పాస్టరు గారు ఈ నలభై రోజులూ ఎవరికి ప్రియమైనది వాళ్ళు మానుకోండి అనగానే మనిద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకుని ఫోన్ అనేశాం చూడు, అప్పటి నుంచి నా చేతులు ఏదో పోగొట్టుకున్నట్టే ఉన్నాయి. అత్తమ్మ ఇంకా నవ్వుతూనే ఉన్నది. "మీ ఇద్దరు మాట్లాడకుంట ఈస్టర్ దాంక ఉంటరా? నేను జూస్త గద!" అంటున్నది. పందెం గుర్తుందిగా? ముందు ఫోన్ చేసినవాళ్ళు ఈస్టర్ నాడు రెండిళ్ళకూ బిర్యానీ వండాలి. అందుకే ఈ ఉత్తరం. చేవెళ్లకు షేర్ ఆటో నడిపే యాదగిరిని ఉత్తరం తీసుకెళ్తావా అని అడిగితే "ఫోన్ కరాబైందా అక్కా?" అన్నాడు. "లేదు, భక్తి" అన్నాను. సాయంత్రం ట్రిప్పుకు తీసుకెళ్తానన్నాడు.

అసలు సంగతికి వస్తాను. ఈసారి టీచర్ పోస్టుల పరీక్ష రాస్తున్నాను. వయసు దాటిపోతున్నది కృపా, నాకు ఇదే ఆఖరి అవకాశం. నా బీఎడ్ సర్టిఫికెట్ దీవెన పుట్టక ముందు నుంచి బీరువాలో నిద్రపోతున్నది. చదువుకుందామంటే హాల్లో టీవీ, వంటింట్లో కుక్కర్, మా గదిలో మీ అన్న గురక. లోపల గొళ్ళెం పెట్టుకోగలిగిన గది ఈ ఇంట్లో ఆటగది ఒక్కటే. అందులో మాత్రం మనిషికి చోటు లేదు. తల లేని బొమ్మలు, బొమ్మ లేని తలలు, చక్రాలు పోయిన బస్సు, మూత దొరకని డబ్బాలు, డబ్బా దొరకని మూతలు. గది ఖాళీ చేసి కిటికీ దగ్గర ఒక టేబుల్ వేసుకోవాలి, పిల్లల ఆటలకు ఒక మూల చాలు అని తీర్మానించాను.

ఇంకో ముక్క. ఆ సామానులో మూడో వంతు మా పిల్లలది కాదు, నీది. పెళ్ళికి ముందు అది నీ గదే కదా. నీ క్యారంబోర్డు, పదో తరగతి గైడ్లు, ఒంటికన్ను బొమ్మ, గవ్వల డబ్బా, క్రిస్మస్ నాటకంలో నువ్వు దేవదూత వేషం వేసినప్పటి రెక్కలు. ఒకసారి వచ్చి నీవన్నీ తీసుకెళ్ళిపో.

నీ వదిన,
ప్రియ


చేవెళ్ల,
మంగళవారం

వదినకు వందనాలు.

ఏనుగు క్షేమంగా ఉన్నందుకు దేవునికి స్తోత్రం.

పరీక్ష రాస్తున్నానన్న మాట చదివి దవాఖానలో డ్యూటీ మధ్యలోనే గట్టిగా "అబ్బ!" అన్నాను. సూది వేయించుకుంటున్న ముసలమ్మ తనకు నొప్పి పుట్టకముందే నేనెందుకు అరిచానా అని బెదిరిపోయింది. నువ్వు పాసవుతావు. మన విశ్వాస్‌గాడికి "అ ఆ"లు నేర్పినదానివి, ప్రపంచంలో ఎవరికైనా ఏదైనా నేర్పగలవు.

ఇక నా సామాను. పదో తరగతి గైడ్లు కాల్చినా నాకు సంతోషమే. క్యారంబోర్డు మా అన్నది, నాది కాదు. ఒంటికన్ను బొమ్మను పారేయకు, దాని పేరు మేరీ, కన్ను పోవడానికి కారణం మీ ఆయన. రెక్కల జోలికి మాత్రం పోకు. అవి పోయిన మా బాపు చేసినవి. తన గొడుగు విప్పదీసి ఆ కమ్మీలతో చేశాడు, మీద అమ్మ పెళ్ళి చీర అంచు కుట్టాడు. మరుసటి వానాకాలమంతా యూరియా సంచి నెత్తిన కప్పుకుని పొలానికి పోయాడు. అంత చేస్తే నేనేం చేశాను? మరియమ్మకు భయపడకు అని చెప్పాల్సిన దూతనే భయపడి స్టేజీ మీద ఏడ్చాను.

మా ఇల్లు నీకు తెలియనిదా? మందుల షాపు మీద రెండు గదుల కిరాయి ఇల్లు. బట్టలు ఆరేసే తీగ కిందే అన్నాలు తింటాం. ఇక్కడ నేను రెక్కలు విప్పితే వరప్రసాద్ మెట్ల మీద నిలబడాలి. అందుకని ఇప్పటికి అవన్నీ అక్కడే ఉండనియ్యి. నువ్వు పిల్లలవి సర్దుకో చాలు.

నీ మరదలు,
కృప


హిమాయత్‌నగర్,
శుక్రవారం

కృపా,

నేను ఓడిపోతున్నాను. ఈ ఇంట్లో ఒక వస్తువు బయటికి పోవాలంటే కలెక్టర్ సంతకం కావాలేమో.

ఒక గోనెసంచి తెచ్చి దాని మీద "వద్దు" అని పెద్దక్షరాలతో రాశాను. పొద్దున అందులో వేసినవి సాయంత్రానికి బయట ఉంటున్నాయి. మొదటి దొంగ మీ అమ్మ. మూతలేని బొమ్మ టిఫిన్ డబ్బా తీసి "ఉప్పు పోసుకోవచ్చు" అన్నది. చక్రాల్లేని బస్సు తీసి "కోడిపిల్లలను పెట్టొచ్చు" అన్నది. మనకు కోళ్ళెక్కడివత్తమ్మా అంటే "రేపు తెస్తే?" అన్నది. రెండో దొంగ మీ అన్న. నాకు సాయం చేస్తానని లోపలికి పోయి ఎంతకీ రాకపోతే వెళ్ళి చూశాను. చిన్నప్పటి బేరింగుల బండి దొరికిందట. దాని మీద కూర్చుని ఉన్నాడు. దిగమంటే దిగలేకపోయాడు, నేనూ అత్తమ్మా చెరో చెయ్యి పట్టి లేపాం. దీవెన తలలేని బొమ్మలను సంచిలో వేయనివ్వలేదు, సమాధి కార్యక్రమం చేయాలన్నది. చేసింది. విశ్వాస్ ప్రార్థన చేశాడు. తర్వాత జాలేసి మళ్ళీ తవ్వి తీశారు.

ఒక దారి మాత్రం దొరికింది. చర్చిలో ఫ్యాన్లు కొనడానికి ఈస్టర్ ముందు మట్టల ఆదివారం నాడు వేలం పెడుతున్నారు. ఇంట్లో మిగులు సామాను ఏదున్నా ఇమ్మన్నారు. ముందురోజు మన చర్చి పెద్ద గిద్యోను తాత ట్రాలీ ఆటోలో ఇంటింటికీ వచ్చి తీసుకెళ్తాడట. దేవునికి ఇచ్చిన సంచిలో చెయ్యి పెట్టే ధైర్యం మీ అమ్మకు లేదు.

నువ్వు నీ వాటి సంగతి తేల్చలేదు. ఇప్పటికి ఉండనియ్యి అంటే ఎప్పటిదాకా? టేబుల్ పట్టే చోటు ఆ కిటికీ కిందే ఉన్నది, అక్కడ నీ సామాను ఉన్నది. వేలం లోపల వచ్చి తీసుకెళ్ళు. లేదంటే అవి కూడా గిద్యోను తాత ట్రాలీ ఎక్కుతాయి. నవ్వుతూనే అంటున్నాను గానీ నిజంగానే అంటున్నాను.

వదిన


చేవెళ్ల

శ్రీమతి ప్రియ వదిన గారికి,

మీ ఉత్తరం అందినది. నా సామాను వల్ల మీకు ఇబ్బంది కలిగినందుకు చింతిస్తున్నాను. తీసుకెళ్ళడానికి నాకు వీలుపడదు. అన్నీ వేలంలో ఇచ్చివేయగలరు. రెక్కలు కూడా.

మీ పరీక్ష బాగా రాయగలరని ఆశిస్తూ,

వరప్రసాద్ భార్య
కృప


హిమాయత్‌నగర్,
ఉత్తరం అందిన సాయంత్రమే

కృపా, ఒసే కృపా,

గారు ఏమిటి? నాకు పెళ్ళై ఇన్నేళ్ళలో నువ్వు నన్ను ఎప్పుడైనా గారు అన్నావా?  వరప్రసాద్ భార్యనట! మాకు తెలియదు మరి.

ఏం తప్పు రాశానో తెలియక అత్తమ్మకు నా ఉత్తరాల్లోని మాటలు ఉన్నవి ఉన్నట్టు చెప్పాను. చిక్కుడుకాయలు వలుస్తున్నదల్లా ఆపింది.

"ఆడబిడ్డను వట్టుకొని సామాన్ తీస్కపొమ్మన్నవా?"

"అవునత్తమ్మా, చోటు లేక..."

"గట్లంటె ఏమైతదో ఎరుకేనా? ఇగ నీకు ఈ ఇంట్ల ఏం లేదు, మల్ల రాకు అన్నట్టు. సచ్చినోళ్ల సామాన్ గుడ గంత జల్ది తియ్యరు."

ఆ మాట తర్వాత నాకు అన్నం సయించలేదు. నమ్ముతావో లేదో, నాకు ఇది నిజంగా తట్టలేదు. ఎందుకు తట్టలేదో చెబుతాను, జాలి పడమని కాదు. కనకమామిడిలో మా అమ్మానాన్నలు పోయాక మా అన్నే పొలమూ ఇల్లూ కలిపి అమ్మేశాడు కదా. అప్పుడు నన్ను నీ సామాను తీసుకెళ్ళు అనలేదు, అసలు ఏమీ అనలేదు. తెలిసేసరికి ఇల్లు లేదు. ఇప్పుడక్కడ ఎవరిదో ఫామ్‌హౌస్. బస్సు అటు పోయినప్పుడు చూస్తాను, మా వంటిల్లు ఉన్నచోట నీళ్ళ తొట్టి కట్టి జనం ఈత కొడుతున్నారు. మా అమ్మ పొయ్యి ఉన్న మూల ఒకాయన నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని తేలుతున్నాడు. నవ్వొచ్చింది, తర్వాత నాలుగు స్టాపుల వరకు ఏడుపొచ్చింది. నాకు పుట్టింట్లో మిగిలిన వస్తువంటూ లేదు. అందుకే వస్తువు మిగలడమంటే ఏమిటో నాకు తెలియలేదు. నన్ను క్షమించు.

ఇప్పుడు ఏం చేశానో విను. మూడు మంచి అట్టపెట్టెలు తెచ్చాను. ఎవరికి ప్రాణమైనవి వాళ్ళ పెట్టెలో. ఒకటి దీవెనది, ఒకటి విశ్వాస్‌ది, ఒకటి నీది. నీ దాంట్లో రెక్కలు, మేరీ, గవ్వలు. దీవెన స్కెచ్ పెన్నుతో పెట్టెల మీద ముగ్గురి పేర్లూ రాసి చుట్టూ పువ్వులు వేసింది. మూడూ ఆ గదిలోనే సజ్జ మీద ఉంటాయి. కింద నా టేబుల్, పైన మీ ముగ్గురూ. "వద్దు" సంచి ఒక్కటే ట్రాలీ ఎక్కుతుంది.

ఈసారి గారు అన్నావంటే నేనే చేవెళ్ల వస్తాను.

ప్రియ


చేవెళ్ల,
ఆదివారం, చర్చి నుంచి వచ్చాక

వదినా,

నల్ల కళ్ళద్దాలాయన దగ్గర నేనూ నవ్వాను, నేనూ ఏడ్చాను. ఆ రెండో పని ఎక్కువసేపు చేశాను. వరప్రసాద్ ఏమైందని అడిగితే ఉల్లిగడ్డ అన్నాను. చేతిలో ఉన్నది అరటిపండు.

నీకొక రహస్యం చెబుతాను, ఆయనకు మాత్రం చెప్పకు. ఆయనతో పోట్లాట వచ్చినప్పుడల్లా నేను అనే మాట ఒక్కటే. "నేను పోత. మా ఇంట్ల నాకు అర్ర ఉన్నది." పెళ్ళైన నాటి నుంచి అంటూనే ఉన్నాను, ఒక్కసారి కూడా పోలేదు. ఆటోస్టాండు దాకా పోయి మిర్చి బజ్జీలు తిని వచ్చేస్తాను. కానీ ఆ మాట అనేటప్పుడు నా కళ్ళ ముందు ఆ గది ఉంటుంది. నీ పిల్లల బొమ్మల మధ్య నా రెక్కలు గోడకు ఆనించి ఉంటాయి. ఆ ధైర్యంతోనే ఇన్నేళ్ళుగా గొంతు పెంచి పోట్లాడుతున్నాను. నువ్వు తీసుకెళ్ళిపో అనగానే నా చేతిలో ఉన్న ఒక్క ఆయుధమూ గుంజుకున్నట్టయింది. నీ పరీక్ష కంటే నా అలక ఎక్కువా అని సిగ్గుపడి, ఆ సిగ్గుకు కోపమొచ్చి, ఆ కోపానికి గారు తగిలించాను.

ఆ గదిలో టేబుల్ వేసుకో. నాకు సజ్జ మీద పెట్టెడు చోటు చాలు. దీవెన నా పేరు రాసిందన్నావు కదా, అది చాలు. మట్టల ఆదివారం నాకు డ్యూటీ పడింది, రాలేను. వరప్రసాద్ వస్తాడేమో, చర్చి వేలమంటే ఆయనకు హుషారు.

నీ కృప
(ఎవరి భార్యా కాదు, ఈ ఉత్తరం వరకు)


శనివారం సాయంత్రం

కృపా, ఘోరం జరిగింది. యాదగిరి ఆటో స్టార్ట్ చేసి నిలబడి ఉన్నాడు, అందుకే ముక్తసరిగా రాస్తున్నాను.

నేను పరీక్ష ఫారానికి ఫోటోలు దిగడానికి మొయినాబాద్ పోయాను. అత్తమ్మ కూరగాయల కోసం పోయింది. ఇంట్లో పిల్లలే. గిద్యోను తాత వచ్చాడు. గదిలో "వద్దు" అన్న సంచి చూశాడు. పక్కన సజ్జ ఎక్కించడానికి పెట్టిన మూడు పెట్టెలు చూశాడు. దీవెన. విశ్వాస్. కృప. చుట్టూ పువ్వులు. ఆయన చూపు సంగతి తెలుసుగా, విశ్వాస్ అన్నది విశ్వాసమని చదువుకున్నాడు. కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడట. "దేవునికిచ్చే డబ్బాల మీద గింత భక్తిగ ఎవ్వరు రాయలె బిడ్డా" అన్నాడట. మావాడు "తాతా, అవి మావి" అంటే "మనయేం లెవ్వు నాయినా, అన్ని ఆయనవే" అని తల నిమిరి మూడూ ట్రాలీలో పెట్టుకుని పోయాడు. సంచి మీద వద్దు అని ఉంది కాబట్టి దాన్ని ముట్టుకోలేదు.

పరుగెత్తుకుంటూ పోయాను. అప్పటికే పాస్టరు గారు ప్రార్థన చేసి సమర్పించేశారు. ఇక వెనక్కి ఇవ్వరు. వేలంలో పాడుకోవాల్సిందే.

తట్టుకోలేక నీకు ఫోన్ చేసి ఒక్క రింగుకే కట్ చేశాను. అది లెక్కలోకి రాదు.

ప్రియ


హిమాయత్‌నగర్,
మట్టల ఆదివారం, మధ్యాహ్నం

కృపా,

ముందు కుదురుగా కూర్చో. నీ రెక్కలు దొరికాయి. ఎట్లా దొరికాయో చెబుతాను.

మన చర్చి వేలం నీకు కొత్త కాదు. దేవునికి ఇచ్చేది కదా అని ఎవరూ తగ్గరు, నిమ్మకాయ కోడి ధర పలుకుతుంది. ఈసారి చేతిలో ఈత మట్టలున్నాయి కాబట్టి చెయ్యి బదులు మట్ట ఎత్తితే పాట పెంచినట్టు అన్నారు. ఉన్న డబ్బంతా నీ పెట్టెకే అని దాచుకున్నాను, అందుకే దీవెన పెట్టె, విశ్వాస్ పెట్టె మా కళ్ళ ముందే ఎవరెవరి పిల్లలకో పోయాయి. మావాళ్ళ మొహాలు చూడలేక నేను మట్ట అడ్డం పెట్టుకున్నాను. తాత దాన్నీ ఒక పాట కింద లెక్కేశాడు. దేవుని దయ, నా మీద ఇంకెవరో పెంచారు.

తర్వాత గిద్యోను తాత నీ పెట్టె పైకెత్తాడు. "ఇగ కృప! కృప ఎవలకు గావాలె?" అన్నాడు. చర్చి మొత్తం "ఆమేన్" అన్నది. మూత తీసి రెక్కలు విప్పాడు. చీర అంచు తళుక్కుమన్నది.

నేను మట్ట ఎత్తాను. ఎవరో పెంచారు. నేను మళ్ళీ ఎత్తాను. మళ్ళీ ఎవరో పెంచారు. ఆడవాళ్ళ వైపు ముందు వరుసలో ఒక మట్ట, మగవాళ్ళ వైపు స్తంభం వెనక ఒక మట్ట. ఎవరో కనబడటం లేదు, గాలికి అడవి ఊగుతున్నట్టున్నది. నాకు పట్టుదల వచ్చింది. ఎవడురా మా పిల్ల రెక్కలు ఎత్తుకుపోయేది అనుకుంటూ ఎత్తుతూనే ఉన్నాను. ధర పిల్లల సైకిలు దాటి పెద్దల సైకిలు దాకా పోయింది. తాత ఆపి, "జర లేశి నిలవడుర్రి, మొకాలన్న జూస్త" అన్నాడు.

నిలబడ్డాం. ముందు వరుసలో మీ అమ్మ. స్తంభం వెనక మీ అన్న. ఇటు నేను.

చర్చి చర్చంతా నవ్వింది. పాస్టరు గారు బైబిల్ అడ్డం పెట్టుకుని నవ్వారు. ఒకరికి తెలియకుండా ఒకరం, అందరం నీ కోసమే, మా ఇంటి ధర మేమే పెంచుకుంటున్నాం. అత్తమ్మ అందరి ముందే నా మీద కేకలేసింది, "నువ్వు పాడుతున్నవని చెప్పొద్దా?" అని. ఇంతలో తలుపు దగ్గర నుంచి ఒక గొంతు మా అందరి మీదా పెద్ద పాట పాడింది. తిరిగి చూస్తే వరప్రసాదన్న. డ్రెస్సు మీద యాదగిరి ఆటో దుమ్ము. తాత మూడుసార్లు పిలిచి ఆయనకే ఇచ్చేశాడు.

 ఆయన పాడుకున్నాడంటే పెట్టె చేవెళ్ల పోతుంది, ఇక గదిలో నీది అంటూ ఏమీ మిగలదు అనుకున్నాను. బయట చెప్పుల దగ్గర నిలబడి ఉంటే ఆయనే పెట్టె మోసుకొచ్చి నా చేతిలో పెట్టాడు.

"అక్కా, ఇది ఆ అర్రలనే పెట్టుర్రి."

"నువ్వే గద అన్నా పాడుకున్నది? కృపకు తీసుకపో."

"వద్దక్కా. ఇది మా ఇంటికొస్తె గామె అలిగి ఏడికి వోతది?" అన్నాడు. పెట్టె మూత సర్దుతూ, "పోత పోత అంటది, బజ్జీలు తిని వస్తది. నాకు ఎరుకే. గని పోతందుకు జాగ ఉన్నదని ఆమెకు ఎరుకుండాలె. అది ఉంటెనే నేను గుడ జర మంచిగుంట" అన్నాడు.

నేనేం చెప్పలేదని ఒట్టు. అంతా ఆయనకు ముందే తెలుసు.

పెట్టె సజ్జ మీద పెట్టాను. రెక్కలు మాత్రం దాంట్లో పెట్టబుద్ధి కాలేదు, కిటికీ పక్క గోడకు మేకు కొట్టి తగిలించాను. కింద టేబుల్ వేశాను. ఇప్పుడు అక్కడి నుంచే రాస్తున్నాను. గొళ్ళెం పెట్టే ఉన్నది. బయట నీ మేనల్లుడూ మేనకోడలూ ఏడవటం ఎప్పుడో మానేశారు. మిగిలింది "వద్దు" సంచే కదా, దాన్ని బోర్లించి తలలేని బొమ్మలతో బ్రహ్మాండంగా ఆడుకుంటున్నారు. మంచివన్నీ పోయి చెత్త మిగిలింది, గది మాత్రం సర్దుకున్నది. మీ అమ్మ బస్సు కడిగి ఎండబెట్టింది, కోడిపిల్లలు తెస్తుందట.

నీ వదిన


చేవెళ్ల,
సోమవారం

వదినా,

ఆయన నిన్న ఇంటికొచ్చి వేలంలో ఏం పాడుకున్నావంటే సొరకాయ అన్నాడు. ఏదీ అంటే ఆటోలో మర్చిపోయానన్నాడు. నీ శనివారం ఉత్తరం యాదగిరి ఆయన చేతికిస్తే నాకు చూపకుండా జేబులో దాచాడట. పొద్దున యాదగిరి నీ నిన్నటి ఉత్తరం ఇచ్చేదాకా నేను ఆ సొరకాయ కోసం బాధపడుతున్నాను.

చదివి ఆయన దగ్గరకు పోయాను. చొక్కా ఇస్త్రీ చేసుకుంటున్నాడు.  బజ్జీల సంగతి కూడా తెలిసినవాడితో ఏం పోట్లాడతాం? అయినా అలవాటు కొద్దీ ఏదో ఒక తప్పు పట్టాలని చూశాను. చొక్కా కాలర్ కాలిందన్నాను. కాలలేదు. నాకు ఆయన మీద ఎంత ప్రేమ వచ్చిందంటే అది చెప్పలేక ఆ ఇస్త్రీపెట్టె గుంజుకుని నేనే ఇస్త్రీ చేశాను. అప్పుడు నిజంగానే కాలింది.

మొన్నటి ఒక్క రింగు కూడా లెక్కలోకే వస్తుంది. ఈస్టర్ బిర్యానీ నీదే. వేలంలో మట్ట మొహానికి అడ్డం పెట్టుకున్నా లెక్కేశారుగా, అదే న్యాయం.

ఇక ఆ గది సంగతి. నీ పరీక్ష అయ్యేదాకా నేను అలగను. ఎంత కారణం దొరికినా ఓర్చుకుంటాను, ఆయన ఉప్పులేదని కంచం జరిపినా నవ్వుతాను. ఈస్టర్‌కు వచ్చినా హాల్లోనే కూర్చుంటాను, ఆ గది తలుపు కొట్టను. నువ్వు గొళ్ళెం పెట్టుకుని చదువుకో. భయమేస్తే గోడ మీది రెక్కల వైపు చూడు. ఆ దూత నీకంటే పెద్ద పిరికిది.

పరీక్ష మరునాడు మాత్రం మొదటి ఆటోకు వస్తాను. ఇన్ని రోజులు దాచుకున్న అలకంతా తెస్తాను. టేబుల్ జరిపి చాప పరిచి ఉంచు.

నీ మరదలు,
కృప